జార్జ్ చిన్నరీ (1774–1852)

జార్జ్ చిన్నరీ ఆంగ్ల రూపచిత్రకారుడు. 1774 జనవరి 5న లండన్‌లో పుట్టి, 1852 మే 30న చైనా తీరంలోని మకావులో మరణించాడు. 78 ఏళ్ల జీవితంలో చివరి 50 ఏళ్లు ఆసియాలోనే గడిచాయి. మద్రాసులో సుమారు అయిదేళ్లు, బెంగాల్‌లో 18 ఏళ్లు, మకావులో దాదాపు 27 ఏళ్లు ఉన్నాడు. 1802లో ఓడ ఎక్కి బయలుదేరినవాడు మళ్లీ ఇంగ్లండు గడప తొక్కలేదు.

తెలుగువారికి ఇతను ముఖ్యుడు కావడానికి ఒక చిత్తరువు కారణం. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌కూ, ఖైరున్నీసా బేగంకూ పుట్టిన ఇద్దరు పిల్లల బొమ్మను చిన్నరీ 1805లో మద్రాసులో గీశాడు. అతని భారతీయ చిత్రాల్లో మేలైనదిగా కళా చరిత్రకారులు ఎంచేది ఈ బొమ్మనే. నిజాం రాజ్యపు చరిత్రలో ఒక కుటుంబం ఎలా చెదిరిపోయిందో చెప్పే సాక్ష్యం కూడా ఇదే.

నేపథ్యం: ఫోటో లేని కాలం

చిన్నరీ బతికిన కాలంలో, దాదాపు చివరి పుష్కరం మినహా, ఫోటో అనేది లేదు. దూరదేశంలో ఉన్న కొడుకు ముఖం తల్లి చూడాలన్నా, అధికారి తన పదవీకాలపు గుర్తు మిగుల్చుకోవాలన్నా చిత్రకారుడే దిక్కు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఆరునెలల సముద్రప్రయాణం చేసి వచ్చేవారు. జ్వరాలతో చాలామంది తిరిగి వెళ్లేవారే కాదు. అందుకే వాళ్ల మధ్య చిత్తరువుకు అంత గిరాకీ ఉండేది. జేబులో, లాకెట్‌లో పెట్టుకునేందుకు ఏనుగు దంతపు పలక మీద గీసే సూక్ష్మచిత్రాలు, గోడకు తగిలించేందుకు నిలువెత్తు నూనెరంగుల చిత్రాలు, రెండూ అమ్ముడుపోయేవి.

ఈ గిరాకీని నమ్ముకుని ఇంగ్లండు నుంచి చిత్రకారులు వరసగా వచ్చారు. 1769లో మద్రాసులో దిగిన టిల్లీ కెటిల్ వారిలో మొదటి పేరున్నవాడు. ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా బొమ్మ గీశాడు. 1783లో యోహాన్ జోఫనీ వచ్చాడు. ఐర్లండు చిత్రకారుడు థామస్ హికీ 1798 నుంచి మద్రాసును ఆశ్రయించుకుని పనిచేశాడు. 1816లో హికీ గీసిన కర్నల్ కాలిన్ మెకంజీ చిత్తరువులో దొర వెంట ముగ్గురు భారతీయ సహాయకులు కనిపిస్తారు. వారిలో ఒకరు కైఫీయతుల (స్థానిక చరిత్రల) సేకరణలో పేరుపొందిన కావలి సోదరుల్లో లక్ష్మయ్య అని పండితులు గుర్తించారు. ఇలా విదేశీ చిత్రకారుల కుంచె కింద మనవాళ్ల ముఖాలు కొన్ని మిగిలాయి. చిన్నరీ కథ కూడా ఈ వరసలోదే.

జననం, చదువు, డబ్లిన్ జీవితం

చిన్నరీ కుటుంబంలో తండ్రి, తాత ఇద్దరూ చేతిరాత నేర్పే పంతుళ్లు. గీత సొగసు, చేతి అదుపు వాళ్ల ఇంటి విద్య. తండ్రి విలియం తీరిక వేళల్లో బొమ్మలు కూడా వేసేవాడు. 1791లో జార్జ్ లండన్‌లోని రాయల్ అకాడమీ ప్రదర్శనకు మొదటిసారి చిత్రం పంపాడు. అప్పటికి అతనికి 17 ఏళ్లు. మరుసటి ఏడు అకాడమీ పాఠశాలలో చేరాడు. తర్వాత ప్రపంచఖ్యాతి పొందిన ప్రకృతి చిత్రకారుడు టర్నర్ ఆ పాఠశాలలో అతనికి సమకాలికుడు. థామస్ లారెన్స్ రూపచిత్రాలు లండన్‌ను ఊపేస్తున్న రోజులవి. చురుకైన కుంచెపోటు, చీకటి నేపథ్యంలోంచి వెలిగే ముఖం అనే లారెన్స్ పద్ధతి చిన్నరీ చేతికీ పట్టింది.

1790ల రెండో సగంలో అతను డబ్లిన్ వెళ్లి, జేమ్స్ విన్యే అనే నగల వ్యాపారి ఇంట్లో దిగాడు. 1799 ఏప్రిల్ 19న ఆ ఇంటి అమ్మాయి మారియాన్‌ను పెళ్లాడాడు. వారికి కూతురు మటిల్డా, కొడుకు జాన్ పుట్టారు. అక్కడి చిత్రకారుల సంఘం పనుల్లో చురుకుగా తిరిగిన అతనికి, 1801లో తోటి కళాకారులు వెండి రంగుల పలకను బహూకరించారు. అయితే ఐర్లండు పార్లమెంటు రద్దయి, అధికారం లండన్‌కు తరలిపోయాక డబ్లిన్‌లో బొమ్మలు గీయించుకునే ధనికులు తగ్గిపోయారు. చిన్నరీ భార్యాపిల్లలను వదిలి 1802లో కంపెనీ అనుమతి తీసుకుని గిల్వెల్ అనే ఓడలో బయలుదేరాడు. ఆ ఏడాది డిసెంబరులో మద్రాసు చేరాడు.

మద్రాసు (1802–1807)

మద్రాసులో అతని సోదరుడు జాన్ చిన్నరీ అప్పటికే వ్యాపారంలో స్థిరపడి ఉన్నాడు. ఆ సోదరుడి పరిచయాలతో కోటలోని అధికారులు, వర్తకులు బొమ్మలు గీయించుకోవడానికి ఇతని ముందు కూర్చున్నారు. అతను సూక్ష్మచిత్రాలూ గీశాడు, పెద్ద నూనెరంగుల చిత్రాలూ గీశాడు.

డబ్బు కోసం గీసిన బొమ్మలకన్నా, తన కోసం గీసుకున్నవి ఈ కాలంలో ఎక్కువ ఆసక్తికరమైనవి. మద్రాసుకు అప్పట్లో రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, అలలను దాటించి మనుషుల్ని ఒడ్డుకు చేర్చేవి మసులా పడవలు. మేకులు లేకుండా పలకలను కొబ్బరినారతో కుట్టి చేసే ఈ పడవలు అల కొట్టినప్పుడు వంగి ఓర్చుకునేవి. కట్టుమరాలు నడిపే బెస్తవాళ్లను, పడవవాళ్లను, వీధిలో పనిచేసుకునేవాళ్లను చిన్నరీ పెన్సిలుతో వందలాది సార్లు గీశాడు. వాటిలో కొన్నింటిని రాగిరేకుల మీద చెక్కి అచ్చువేశాడు. గుర్రం మీది దొరకు ఇచ్చిన శ్రద్ధే తెడ్డు పట్టిన మనిషికీ ఇచ్చాడు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

కిర్క్‌పాట్రిక్ పిల్లల చిత్తరువు (1805)

ఈ బొమ్మ అర్థం కావాలంటే ముందు ఆ కుటుంబం కథ తెలియాలి. 1798లో నిజాం అలీఖాన్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం కుదిర్చిన రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్. నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఇతను హైదరాబాదీ దుస్తులు తొడిగి, ఫారసీ, హిందుస్తానీ మాట్లాడి, నగరపు పద్ధతుల్లో కలిసిపోయాడు. నిజాం కొలువులో పలుకుబడి గల మీర్ ఆలంకు బంధువైన ఉన్నత కుటుంబపు అమ్మాయి ఖైరున్నీసాను ముస్లిం సంప్రదాయం ప్రకారం పెళ్లాడాడు. ఈ వివాహం గురించి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ కూడా జరిపించాడు.

వారికి 1801 మార్చిలో కొడుకు, 1802 ఏప్రిల్‌లో కూతురు పుట్టారు. కొడుకు మీర్ గులామ్ అలీ, ఇంట్లో సాహెబ్ ఆలం. కూతురు నూరున్నీసా, ఇంట్లో సాహెబ్ బేగం. మూసీ ఉత్తర ఒడ్డున, ఇప్పటి కోఠిలో, కిర్క్‌పాట్రిక్ కొత్త రెసిడెన్సీ భవనం కట్టించాడు. పటం గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. ఇతని తండ్రి జాన్ రసెల్ కూడా లండన్‌లో పేరున్న రూపచిత్రకారుడే. కిర్క్‌పాట్రిక్ తన భార్య కోసం కట్టిన రంగమహలు తోటలో రెసిడెన్సీకి ఒక బుల్లి నమూనాను కట్టించాడు. పరదా దాటి రాలేని బేగం ఆ భవనం ముఖభాగం చూడాలనే అలా చేశాడని నగరంలో చెప్పుకుంటారు.

1791లో కంపెనీ ఒక నియమం తెచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే ఆ పిల్లలకు కంపెనీ కొలువులో ఉన్నత ఉద్యోగం లేదు. ఇంగ్లండులో, ఆంగ్లేయుల్లా పెంచితేనే పిల్లలకు భవిష్యత్తు అని తండ్రి నిశ్చయించుకున్నాడు. తల్లికి అది ఇష్టం లేకపోయినా 1805లో పిల్లలను మద్రాసుకు పంపారు. పిల్లలు వెళ్లిపోయాక తల్లికి మిగలడానికి ఒక బొమ్మ కావాలి. ఆ పని చిన్నరీ చేతికి వచ్చింది.

బొమ్మ నిలువెత్తుది. మెట్ల మీద, స్తంభం, చీకటి తెర నేపథ్యంలో అన్నాచెల్లెళ్లు పక్కపక్కన నిలబడ్డారు. అన్నకు నాలుగేళ్లు, చెల్లికి మూడేళ్లు. హైదరాబాదు అమీరుల ఇళ్లలో పిల్లలు వేసుకునే జరీ జామాలు, టోపీలు, ముత్యాల దండలు, ముందుకు వంపు తిరిగిన జోళ్లు. ఎరుపు, బంగారు రంగులు వెలుగులో మెరుస్తాయి. పిల్లాడి చూపు ధైర్యంగా ఎదుటివారి మీద నిలుస్తుంది. పిల్ల చూపు మాత్రం కిందికి వాలి ఉంటుంది. ఏడ్చి ఏడ్చి అలసిన పసిముఖంలా కనిపిస్తుంది. చిత్రకారుడు ఆ దిగులును దాచలేదు. నవ్వు అతికించి కొనుగోలుదారును సంతోషపెట్టే వృత్తిలో ఉండి కూడా తాను చూసిందే గీశాడు. ఈ చిత్రం గొప్పదనమంతా అక్కడే ఉంది.

1805 సెప్టెంబరులో లార్డ్ హాక్స్‌బరీ అనే ఓడలో పిల్లలు మద్రాసు విడిచారు. అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో జబ్బుతో మరణించాడు. 1806 మార్చి 25న లండన్‌లోని మేరిల్‌బోన్ చర్చిలో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. పేర్లు, దుస్తులు, మాట, మతం అన్నీ ఒక్కసారే మారిపోయాయి. తల్లిని మళ్లీ వాళ్లు చూడలేదు. పాత పేర్లతో, పాత దుస్తుల్లో వాళ్లు మిగిలింది చిన్నరీ గీసిన గుడ్డ మీదే.

చిత్తరువు చేసిన ప్రయాణం

బొమ్మ తల్లి దగ్గరికి చేరింది. భర్త సమాధి చూడటానికి కలకత్తా వెళ్లిన ఖైరున్నీసాను, తిరుగుదారిలో మీర్ ఆలం హైదరాబాదులోకి రానివ్వలేదు. ఆమె కొంతకాలం మచిలీపట్నంలో గడపాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆమెకు దగ్గరైనవాడు కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రసెల్. తర్వాత అతను దూరమయ్యాడు, అతనే 1811 నాటికి హైదరాబాదు రెసిడెంటు అయ్యాడు. 1813 సెప్టెంబరులో ఖైరున్నీసా హైదరాబాదులోనే కన్నుమూసింది. చిత్తరువు రసెల్ చేతికి వచ్చి, ఇంగ్లండులో అతని కుటుంబపు భవనం స్వాలోఫీల్డ్ చేరింది.

కేథరిన్‌ను అక్కడ కిట్టీ అని పిలిచేవారు. రచయిత థామస్ కార్లైల్ యువకుడిగా ఆమెను ఎరిగినవాడు. అతని ‘సార్టర్ రిసార్టస్’లోని బ్లూమీన్ పాత్రకు ఆమే ప్రేరణ అని చాలామంది భావిస్తారు. అన్న విలియం 1828లోనే మరణించాడు. కిట్టీ 1829లో సైనికాధికారి జేమ్స్ ఫిలిప్స్‌ను పెళ్లాడింది. 1840ల మొదట్లో స్వాలోఫీల్డ్‌కు వెళ్లినప్పుడు గోడ మీద తనను, అన్నను చూసి ఆమె కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత రసెల్ సాయంతో హైదరాబాదులో బతికి ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరాలు రాసింది. దాదాపు 40 ఏళ్లకు మనవరాలికీ అమ్మమ్మకూ మధ్య మాట మళ్లీ మొదలైంది. రసెల్ తన వీలునామాలో ఆ చిత్తరువును కిట్టీకి రాసిచ్చాడు. ఆమె 1889లో మరణించింది.

తర్వాత బొమ్మ హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు సేకరణలోకి, హాంకాంగ్‌కు చేరింది. తన జీవితపు చివరి అంచె గడిపిన చైనా తీరానికే చిత్రకారుడి మేలైన భారతీయ చిత్రం కూడా చేరుకుంది. 2002లో విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ వెలువడ్డాక ఈ కుటుంబం కథ లోకమంతా తెలిసింది.

కలకత్తా, ఢాకా (1807–1825)

1807లో చిన్నరీ కలకత్తా వెళ్లాడు. పని: సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ హెన్రీ రసెల్ చిత్తరువు. పైన చెప్పిన హెన్రీ రసెల్‌కు ఈ న్యాయమూర్తి తండ్రి. మరుసటి ఏడు ఢాకా వెళ్లి, అక్కడి కలెక్టరు చార్లెస్ డాయ్‌లీతో స్నేహం కలిపాడు. డాయ్‌లీ అతని దగ్గర బొమ్మలు నేర్చుకుని తానూ మంచి చిత్రకారుడయ్యాడు. ఢాకా శిథిలాల మీద డాయ్‌లీ వెలువరించిన చిత్రాల్లో గురువు ముద్ర కనిపిస్తుంది. పూరిగుడిసె, చెరువుగట్టు, పాడుబడిన గోరీ పక్కన మేసే పశువులు, ఇలా బెంగాల్ పల్లె చిన్నరీకి ఇష్టమైన విషయం ఇక్కడే అయింది.

1812లో కలకత్తాకు తిరిగివచ్చి, ఆ నగరంలో మొదటి వరస రూపచిత్రకారుడయ్యాడు. గవర్నర్ జనరల్ మింటో మొదలు సంపన్న వర్తకుల దాకా అతని ముందు కూర్చున్నారు. ఆదాయం బాగున్నా చేతిలో నిలిచేది కాదు. తీసుకున్న పని పూర్తిచేయక మధ్యలో వదిలేయడం, అప్పు మీద అప్పు చేయడం అలవాటైంది. 1818లో, 16 ఏళ్ల ఎడబాటు తర్వాత, భార్య మారియాన్ కలకత్తా చేరింది. 1822లో కొడుకు జాన్ మరణించాడు. అప్పులవాళ్ల ఒత్తిడి పెరగడంతో చిన్నరీ కంపెనీ చట్టం చెల్లని డేనిష్ స్థావరం శ్రీరాంపూర్‌లో తలదాచుకున్నాడు. చివరికి 1825లో చైనా వైపు ఓడ ఎక్కేశాడు.

మకావు (1825–1852)

1825 సెప్టెంబరు 29న చిన్నరీ పోర్చుగీసు స్థావరం మకావులో దిగాడు. చైనాతో విదేశీయుల వ్యాపారమంతా అప్పట్లో కాంటన్ రేవు గుండానే సాగేది. విదేశీ స్త్రీలకు ఆ నగరంలో ప్రవేశం లేదు. భార్య వెతుక్కుంటూ వస్తే కాంటన్ పారిపోవచ్చని చిన్నరీ ధీమా. ఆమె రాలేదు, అతనూ తిరిగి ఆమె దగ్గరికి వెళ్లలేదు. కుటుంబాన్ని అలా వదిలేయడం అతని జీవితంలో మాయని మచ్చ. కళ గొప్పదనం దాన్ని తుడవలేదు.

పని మాత్రం ఇక్కడా ఆగలేదు. కాంటన్ వర్తకుల్లో అగ్రగణ్యుడు హౌక్వా, వ్యాపారి విలియం జార్డీన్, బైబిలును చైనా భాషలోకి తెచ్చిన రాబర్ట్ మారిసన్, కంటివైద్యం చేసిన డాక్టర్ థామస్ కాలెజ్, అమెరికా నుంచి వచ్చిన హారియట్ లో అనే యువతి, అందరినీ గీశాడు. మారిసన్ బొమ్మలో పక్కన చైనా పండితులూ ఉన్నారు, కాలెజ్ బొమ్మలో రోగులూ ఉన్నారు. కమ్మరులు, క్షౌరికులు, జూదమాడేవాళ్లు, ‘టంకా’ పడవల్లో బతికే స్త్రీలు అతని స్కెచ్ పుస్తకాలు నింపారు. 1846లో హాంకాంగ్ వెళ్లి ఆ కొత్త పట్టణాన్నీ గీశాడు.

పనితీరు, శైలి

తెల్లవారకముందే స్కెచ్ పుస్తకం పట్టుకుని బయటికి వెళ్లడం చిన్నరీ నిత్యకృత్యం. వీధిలో చూసింది చకచకా గీసి, పక్కన షార్ట్‌హ్యాండ్‌లో గుర్తులు రాసుకునేవాడు. రంగు ఏమిటి, వెలుతురు ఎటు నుంచి, బొమ్మ సరిగ్గా వచ్చిందా, మళ్లీ గీయాలా అన్నవి ఆ గుర్తుల్లో ఉండేవి. పరిశోధకులు ఆ రాతను చదవగలిగాక చిత్రకారుడి మనసు లోపల నడిచిన పని బయటపడింది.

అతని నూనెరంగుల చిత్రాల్లో నేపథ్యం చీకటిగా ఉంటుంది, ముఖం మీద వెలుతురు పక్క నుంచి పడుతుంది, నీడలు ముదురుగా వాలుతాయి. పెదవి దగ్గరో, బట్ట అంచునో, బుట్ట పక్కనో సిందూరపు ఎరుపు ఒక చుక్క పెట్టడం అతని గుర్తు. మనిషిని గీసేటప్పుడు హోదాకన్నా ముందు ముఖం చూసేవాడు. ఇద్దరు పసిపిల్లల దిగులును దాచకుండా గీసిన చేతికి, కోట్లకు పడగెత్తిన హౌక్వా ముఖంలోని అలసట పట్టుబడటంలో ఆశ్చర్యం లేదు.

శిష్యులు, ప్రభావం

డాయ్‌లీ, హారియట్ లో, మకావు వైద్యుడు థామస్ వాట్సన్ వంటి వారు అతని దగ్గర నేర్చుకున్నారు. అందరికన్నా ప్రసిద్ధుడు కాంటన్ చిత్రకారుడు లామ్ క్వా. చిన్నరీ శిష్యుణ్ణని లామ్ క్వా చెప్పుకున్నాడు, చిన్నరీ ఒప్పుకోలేదు. లామ్ క్వా అదే పద్ధతిలో, ఎంతో తక్కువ ధరకు బొమ్మలు గీసి చిన్నరీ గిరాకీకే పోటీ అయ్యాడు. వైద్యుడు పీటర్ పార్కర్ రోగులను చూపుతూ లామ్ క్వా గీసిన చిత్రాలు వైద్య చరిత్రలో నిలిచాయి.

సాహిత్యంలోకీ చిన్నరీ ప్రవేశించాడు. జేమ్స్ క్లావెల్ నవల ‘తై-పాన్’ (1966)లోని చిత్రకారుడి పాత్రకు మూలం ఇతనే. అమితవ్ ఘోష్ ‘రివర్ ఆఫ్ స్మోక్’ (2011)లో చిన్నరీ కొడుకుగా ఒక కల్పిత పాత్ర కథను నడిపిస్తుంది.

మరణం, అంచనా

1852 మే 30న మకావులో చిన్నరీ చనిపోయాడు. అక్కడి పాత ప్రొటెస్టెంటు శ్మశానంలో సమాధి చేశారు. తాను గీసిన మారిసన్ సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది. మకావులో ఒక వీధికి అతని పేరు పెట్టారు. చిత్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, అమెరికాలో సేలం నగరపు పీబడీ ఎసెక్స్ మ్యూజియం, హాంకాంగ్ కళా మ్యూజియం వంటి చోట్ల ఉన్నాయి. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్న అతని స్వీయచిత్రంలో, కళ్లద్దాలు పెట్టుకున్న వృద్ధుడు తనను తాను పొగుడుకోకుండా చూసుకున్న తీరు కనిపిస్తుంది.

బతికినంతకాలం ఒక రేవు నుంచి మరో రేవుకు పారిపోయిన మనిషి చిన్నరీ. అప్పులు తీర్చలేదు, ఆలుబిడ్డల బాధ్యత మోయలేదు. అయినా ఎదుట నిలిచిన మనిషి ముఖానికి మాత్రం బాకీ పడలేదు. మసులా పడవవాడైనా, ప్రధాన న్యాయమూర్తి అయినా, హైదరాబాదు నుంచి వచ్చిన మూడేళ్ల పిల్ల అయినా, ఉన్నది ఉన్నట్టు గీశాడు. చర్చి పుస్తకం సాహెబ్ బేగం పేరును మార్చేసింది. ఈ బొమ్మ ఒక్కటే ఆ పిల్లను మన పిల్లగా నిలబెట్టింది.

ఆ పిల్లల తండ్రి కట్టించిన రెసిడెన్సీ భవనంలో ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి కోఠి మహిళా కళాశాల నడిచింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. తెలంగాణ ఊళ్ల నుంచి చదువుకోవడానికి అక్కడికి వెళ్లే ప్రతి అమ్మాయీ ఈ చిత్తరువును ఒకసారి చూడాలి. ఆ భవనం ఒకప్పుడు ఎవరి ఇల్లో ఆమెకు తెలియాలి.